యానిమల్ క్రాసింగ్‌లో ఆర్ట్ గ్యాలరీ నింపడం: రెడ్ పడవలో అసలు ఏది, నకిలీ ఏది

సొంత దీవిని తీర్చిదిద్దుకునే వీడియో గేమ్ 'యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్' 2020 మార్చి 20న నింటెండో స్విచ్ అనే గేమ్ కన్సోల్‌లో విడుదలైంది. అప్పటికి అందులోని మ్యూజియంలో చేపలు, పురుగులు, శిలాజాలే ఉండేవి. ఏప్రిల్ నెలాఖరులో వచ్చిన ఉచిత అప్‌డేట్ దానికి ఆర్ట్ గ్యాలరీని చేర్చింది. మొత్తం 43 కళాఖండాలు: 30 చిత్రాలు, 13 శిల్పాలు. ఇవన్నీ ప్రపంచంలో నిజంగా ఉన్నవే. మోనాలిసా, డేవిడ్, రోజెటా శిల, హోకుసాయ్ గీసిన పెద్ద అల, అన్నీ గేమ్ పెట్టిన మారుపేర్లతో కనిపిస్తాయి. వీటిని సంపాదించడానికి ఒకటే దారి, రెడ్ అనే నక్క. జిత్తులమారి నక్క అన్న మాటకు వీడు సరిగ్గా సరిపోతాడు. వీడు అమ్మే 43 రకాల్లో 27 రకాలకు నకిలీలు ఉన్నాయి.

చాలామంది నకిలీల పట్టిక ఒకటి ఫోన్‌లో పెట్టుకుని ఆడతారు. దాంతో పని జరుగుతుంది గానీ సగం తేడాలు బుర్రలో ఉండవు, పడవ వచ్చిన ప్రతిసారీ మళ్లీ వెతుక్కోవాలి. అంతకంటే మంచి పద్ధతి అసలు చిత్రాన్నే ఒకసారి శ్రద్ధగా చూడటం. నకిలీలో మార్చిన ముక్క దాదాపు ప్రతిసారీ ఆ చిత్రానికి ప్రాణం లాంటిదే. వెర్మీర్ పాల ధార, బొత్తిచెల్లి చెట్లు, రెంబ్రాంట్ కెప్టెన్ టోపీ అలాంటివి. ఒకసారి కళ్లకు పట్టాయంటే మళ్లీ మరిచిపోరు. ఈ మార్గదర్శి ఆ దారిలోనే సాగుతుంది.

గ్యాలరీ తెరిపించడం

ముందు మ్యూజియం నడిపే గుడ్లగూబ బ్లేథర్స్‌కి చేపలు, పురుగులు, సముద్రజీవులు, శిలాజాలు అన్నీ కలిపి కనీసం 60 ఇవ్వాలి. ఒకే రకం రెండోసారి ఇస్తే లెక్కలోకి రాదు, 60 వేర్వేరు వస్తువులు ఉండాలి. ఈ లెక్క త్వరగా తేలాలంటే రోజూ దీవిలో నక్షత్రంలా చీలిన నేల గుర్తులు తవ్వి శిలాజాలు తీయండి. వాటిని బ్లేథర్స్‌ చేతనే పరీక్ష చేయించి అక్కడే ఇచ్చేయండి. లెక్క పూర్తయ్యాక బ్లేథర్స్‌తో మాట్లాడితే కళాఖండాల విభాగం పెట్టాలన్న కోరిక బయటపెడతాడు.

ఆ తర్వాత రెడ్ మీ దీవిలో కాలినడకన తిరుగుతూ కనిపిస్తాడు. ఒక చిత్రానికి 4,98,000 బెల్స్ (గేమ్‌లోని డబ్బు) అడుగుతాడు. వెంటనే కంగారుపడి బ్యాంకు వైపు పరుగెత్తకండి. ఖరీదు ఎక్కువని చెప్పండి. 'కజిన్' అంటూ వరస కలిపి 4,980కి దిగుతాడు. ఈ మొదటి చిత్రం ఎప్పుడూ అసలుదే, కాబట్టి ధైర్యంగా కొని బ్లేథర్స్‌కి ఇవ్వండి. దాంతో మ్యూజియం విస్తరణ మొదలవుతుంది. ఒక రోజు మూసివేసి, పని పూర్తయ్యాక గ్యాలరీ తలుపులు తెరుస్తారు. ఇక మిగిలింది 42.

పడవ వచ్చిన రోజు పట్టుకోవడం

గ్యాలరీ తెరిచాక రెడ్ నడిచి రాడు. దీవి ఉత్తరపు అంచున ఉన్న చిన్న రహస్య బీచ్‌లో పడవ కట్టి కూర్చుంటాడు. ఏ రోజు వస్తాడో చెప్పలేం. దీవి కార్యాలయంలోని ఇసబెల్ పొద్దున్న చేసే ప్రకటనలో వాడి మాట ఎత్తదు. అందుకని ఆడిన ప్రతి రోజూ ఒకసారి ఉత్తరపు అంచుకు వెళ్లి చూసి రావడం అలవాటు చేసుకోవాలి. ఆ బీచ్‌కి పోయే చోట కొండ అడ్డొస్తే నిచ్చెన కావాలి, తర్వాత అక్కడే మెట్లు కట్టించుకుంటే రోజూ వాడొచ్చు. గేమ్‌లో రోజు తెల్లవారుజామున 5 గంటలకు మారుతుంది, పడవ ఆ వేళకే వెళ్లిపోతుంది. రాత్రి ఆలస్యంగా ఆడేవారికి ఇది కలిసొస్తుంది, అర్ధరాత్రి దాటినా 5 లోపు కొనుక్కోవచ్చు.

పడవలో నాలుగు కళాఖండాలు, రెండు ఇంటి సామాన్లు ఉంటాయి. కళాఖండం ఏదైనా 4,980 బెల్స్. ఒక ఆటగాడికి రోజుకు ఒక కళాఖండమే అమ్ముతాడు. కొన్నది వెంటనే చేతికి రాదు, మర్నాడు ఇంటి మెయిల్‌బాక్స్‌కి వస్తుంది. కాబట్టి పడవలో నిలబడ్డ ఆ కాసేపే మీ తీర్పుకి అవకాశం. కొన్నాక తిరిగి ఇవ్వడం ఉండదు.

చూసే పద్ధతి

పడవ లోపల వెలుతురు తక్కువ. దూరం నుంచి చూసి కొంటే మోసపోతారు. ప్రతి కళాఖండం ముందు నిలబడి 'A' బటన్ నొక్కండి, దగ్గరగా చూసే అవకాశం ఇస్తుంది. అక్కడ జూమ్ చేసి, జాయ్‌స్టిక్‌ను అటూ ఇటూ కదిపి, నాలుగు మూలలూ చూడండి. చూపు ఎప్పుడూ ముఖం మీదే ఆగిపోతుంది. నకిలీలో మార్పు చాలాసార్లు మూలల్లో, వెనక నేపథ్యంలో ఉంటుంది.

స్విచ్‌ని చేతిలో పట్టుకుని ఆడేవారు వీలైతే టీవీకి కలిపి చూడండి. ముఖ్యంగా రెంబ్రాంట్ నైట్ వాచ్ లాంటి గుంపు చిత్రాలు చిన్న తెరలో తెలియవు. పక్కన ఫోన్‌లో అసలు చిత్రం తెరిచి పెట్టుకోండి. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియం, పారిస్ లూవ్ర్, హేగ్‌లోని మౌరిత్స్‌హౌస్ తమ సొంత వెబ్‌సైట్లలో పెద్ద సైజు ఫొటోలు పెట్టాయి. ఎవరో తిరగ్గీసిన పోస్టర్ కాక ఆ మ్యూజియం ఫొటోనే చూడాలి. ఎందుకంటే ఇంటర్నెట్‌లో వేలల్లో తిరిగే మోనాలిసాల్లో కనుబొమలు దిద్దినవీ, రంగు మార్చినవీ ఉంటాయి.

ఎవరూ ముందు చెప్పని సంగతి ఒకటుంది. సంచిలో అసలుకీ నకిలీకీ ఒకటే పేరు, ఒకటే బొమ్మ. 'ఫేమస్ పెయింటింగ్' అని ఉంటే అది అసలు మోనాలిసాయో కాదో పేరు చెప్పదు. వేరే ఆటగాడి దగ్గర మార్పిడి చేసుకునేటప్పుడు ఆ వస్తువును వాళ్లింట్లో గోడకు తగిలించమని అడిగి, కళ్లారా చూశాకే ఒప్పుకోండి.

కళ్లు మూసుకుని కొనగలిగినవి

పదహారింటికి నకిలీ లేదు. వీటిలో ఒకటి మీ గ్యాలరీలో ఇంకా లేకపోతే, పడవలో కనిపించిన రోజు ఆలోచన అక్కర్లేదు.

చిత్రాల్లో 'ఫ్లవరీ' అంటే వాన్ గో పొద్దుతిరుగుడు పూలు, 'ట్వింక్లింగ్' అంటే ఆయనదే నక్షత్రాల రాత్రి. 'డైనమిక్' హోకుసాయ్ అల. మిల్లే చిత్రాలు రెండున్నాయి: 'కామన్' పొలంలో పరిగె ఏరుకునే ముగ్గురు ఆడవాళ్లు, 'మూడీ' విత్తనాలు చల్లే రైతు. మానేవి రెండు: 'నైస్' పిల్లనగ్రోవి వాయించే కుర్రాడు, 'ప్రాపర్' ఫోలీ బెర్జేర్ బార్‌లో నిలబడ్డ అమ్మాయి. ఇక 'కామ్' సొరా చుక్కల చిత్రం, 'పర్ఫెక్ట్' సెజాన్ ఆపిళ్లూ నారింజలూ, 'వర్దీ' దెలాక్రోవా గీసిన, ప్రజలను నడిపించే స్వేచ్ఛాదేవి, 'సింకింగ్' మిలే నీళ్లలో తేలే ఒఫీలియా, 'గ్లోయింగ్' టర్నర్ గీసిన పాత యుద్ధనౌక, 'మిస్టీరియస్' బోక్లిన్ మృతుల దీవి, 'వార్మ్' గోయా గీసిన, దుస్తులతో పడుకున్న మాహా. శిల్పాల్లో రెండే: 'ఫెమిలియర్' అంటే రోదాఁ ఆలోచనాపరుడు, 'గ్రేట్' అంటే హవాయి రాజు కమెహమెహా.

నాలుగింటిలో ఏదీ తేల్చుకోలేకపోయిన రోజు ఈ పదహారులో ఒకటుంటే అదే కొనండి.

రంగు మార్చినవి

నకిలీల్లో సులువుగా పట్టుబడేవి ఇవి. 'ఇన్ఫర్మేటివ్' అంటే రోజెటా శిల. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అసలు శిల నల్లటి బూడిద రంగు. ఒకే శాసనాన్ని మూడు లిపుల్లో చెక్కిన ఆ రాయి 1799లో ఈజిప్టులో దొరికింది. నకిలీ నీలంగా మెరుస్తుంది.

'డీటెయిల్డ్' చిత్రం జపాన్ చిత్రకారుడు ఇతో జాకుచూ గీసిన హైడ్రేంజియా పూలూ, కోళ్లూ. అసలులో పూలు నీలం, నకిలీలో ఊదా. హైడ్రేంజియా మొక్క నిజంగానే రెండు రంగులూ పూస్తుంది కాబట్టి ఇక్కడ అనుమానం రాదు, అందుకే చాలామంది దీని దగ్గర పడిపోతారు.

'సిరీన్' అంటే లియొనార్దో గీసిన, ఎర్మిన్ పట్టుకున్న స్త్రీ. పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఉంది. ముంగిసలా పొడుగ్గా ఉండే ఆ జంతువు బొచ్చు తెల్లగా ఉండాలి. బూడిద రంగులో ఉంటే వదిలేయండి.

'వైల్డ్' చిత్రం రెండు ముక్కలు. క్యోటోలోని కెన్నిన్‌జి ఆలయానికి చెందిన, సోతాత్సు గీసిన తెరల్లోని గాలి దేవుడు, ఉరుముల దేవుడు. కుడి సగంలో గాలి దేవుడు ఫూజిన్ ఆకుపచ్చ, ఎడమ సగంలో ఉరుముల దేవుడు రైజిన్ తెలుపు. నకిలీలో ఈ రంగులు తారుమారవుతాయి, అంటే కుడివాడు తెల్లగా, ఎడమవాడు పచ్చగా. ఇవి రెండు వేర్వేరు వస్తువులు, రెండూ విడివిడిగా కొనాలి. గుర్తుంచుకోవడానికి ఒక్కటే చాలు: గాలి పచ్చన, గాలి కుడిన.

ఉండాల్సింది లేనివి

రెంబ్రాంట్ 1642లో గీసిన నైట్ వాచ్ గేమ్‌లో 'అమేజింగ్'. మధ్యలో నల్లటి దుస్తులు, ఎర్రటి పట్టీతో చెయ్యి ముందుకు చాచి నడిచే మనిషే కెప్టెన్ ఫ్రాన్స్ బానింక్ కాక్. ఆయన నెత్తిన నల్లటి టోపీ ఉంటుంది. నకిలీలో టోపీ ఉండదు. చీకటి నేపథ్యంలో నల్లటి టోపీ కాబట్టి జూమ్ చేయకుండా ఇది తెలిసే అవకాశమే లేదు. పక్కన పసుపు దుస్తుల్లో ఉన్న లెఫ్టినెంట్ మీదికే అందరి చూపూ పోతుంది, అదే ఇక్కడి కిటుకు.

'మూవింగ్' అంటే బొత్తిచెల్లి వీనస్ జననం, ఫ్లోరెన్స్‌లోని ఉఫిజీలో ఉంది. చూపంతా చిప్ప మీద నిలబడ్డ వీనస్ వైపే లాగుతుంది. కుడివైపు పై మూల చూడండి. అక్కడ చెట్లుండాలి. నకిలీలో ఆ మూల ఖాళీ.

'సీనిక్' బ్రూగెల్ 1565లో గీసిన మంచులో వేటగాళ్లు. ఎడమ కింద కుక్కలతో తిరిగొస్తున్న ముగ్గురు వేటగాళ్లుంటారు. నకిలీలో ఒక్కడే. కింద గడ్డకట్టిన చెరువు మీద ఆడుకునేవాళ్లను చూస్తూ కూర్చుంటే ఈ తేడా తప్పిపోతుంది.

'జాలీ' నాకు అన్నిటికంటే ఇష్టమైన నకిలీ, అంత బాగా ఆలోచించారు. ఆర్చింబోల్దో 1563లో పళ్లూ కూరగాయలతో కూర్చిన వేసవి ముఖం, వియన్నాలో ఉంది. చెంప పీచ్ పండు, ముక్కు దోసకాయ, దుస్తులు అల్లిన గోధుమ వెన్నులు. ఆ ఛాతీ మీద నుంచి ఒక ఆర్టిచోక్ మొగ్గ కాడతో సహా పైకి నిలబడి ఉంటుంది. నకిలీలో అది లేదు. ఇంత సందడి చిత్రంలో ఒక్క కూరగాయ తీసేస్తే ఎవరికీ తెలియదని లెక్క. అయితే ఆ కాడ దుస్తుల్లోంచి మొలిచి బయటికొచ్చే ఏకైక భాగం, కాబట్టి ఆకారం అంచు చూస్తే చాలు.

లేనిది కలిపినవి

శిల్పాల్లో ఎక్కువ నకిలీలు ఈ కోవే. 'రోబస్ట్' డిస్కస్ విసిరే యువకుడు, చేతికి వాచీ ఉంటే నకిలీ. మైరాన్ చేసిన అసలు కంచు విగ్రహం ఎప్పుడో పోయింది, మనకు మిగిలినవి రోమన్ల కాలపు నకళ్లు. 'బ్యూటిఫుల్' వీనస్ ద మిలో, మెడలో హారం ఉంటే నకిలీ. 'మిస్టిక్' బెర్లిన్‌లోని నెఫర్టిటి తల, చెవికి పోగు ఉంటే నకిలీ. దీన్ని చెవి దగ్గర జూమ్ చేసి చూడాలి, కిరీటం పక్కనుంచి చిన్నగా ఉంటుంది. 'గాలంట్' మికెలాంజెలో డేవిడ్, చంకలో పుస్తకం ఉంటే నకిలీ. ఫ్లోరెన్స్ అకాదెమియాలోని అసలు 5 మీటర్లు దాటిన ఎత్తు, భుజం మీద వడిసెల మాత్రమే ఉంటుంది. 'వారియర్' షియాన్ దగ్గర 1974లో రైతులు బావి తవ్వుతుండగా బయటపడ్డ మట్టి సైనికుల్లో ఒకడు, పార పట్టుకుని ఉంటే నకిలీ. 'ట్రెమెండస్' చైనాలోని ఆన్యాంగ్‌లో 1939లో దొరికిన షాంగ్ కాలపు కంచు పాత్ర హౌముఊ దింగ్, 800 కిలోలు దాటిన బరువు. దానికి మూత ఉండదు, మూత కనిపిస్తే నకిలీ. 'ఏన్షెంట్' జపాన్ జోమోన్ కాలపు మట్టి బొమ్మ దోగూ, నెత్తిన యాంటెన్నాల్లాంటి కొమ్ములుంటే నకిలీ. 'మదర్లీ' రోమ్ నగరపు తోడేలు, నాలుక బయటపెడితే నకిలీ.

చిత్రాల్లో ఈ కోవది ఒకటే, 'అకడమిక్', అంటే లియొనార్దో విత్రువియన్ మనిషి. కాగితం మీద సిరాతో గీసిన బొమ్మ, పైనా కిందా ఆయన కుడి నుంచి ఎడమకు రాసుకున్న అద్దపు రాత. నకిలీలో పై కుడి మూలన గుండ్రటి కాఫీ మరక. పాత కాగితం కదా, మరకలు సహజమే అనుకుని కొనేవాళ్లు కొల్లలు.

ముఖం, భంగిమ మార్చినవి

కష్టమైనవి ఇక్కడున్నాయి, ఎందుకంటే పోల్చి చూస్తే తప్ప తప్పు కనపడదు.

'ఫేమస్' మోనాలిసా. లూవ్ర్‌లోని చిత్రంలో ఆమెకు కనుబొమలు దాదాపు కనిపించవు. నకిలీలో అవి స్పష్టంగా, పైకెత్తి ఉంటాయి. ఆమెను కళ్లముందు ఊహించుకోమంటే చాలామంది కనుబొమలు కూడా కలిపేసుకుంటారు, అందుకే నకిలీ సహజంగా అనిపిస్తుంది.

'స్కేరీ' జపాన్ రంగస్థల నటుడు ఓతాని ఒనిజి, షారాకు 1794లో గీసినది. కనుబొమల లోపలి చివరలు ముక్కు వైపు కిందికి దిగి కోపంగా ఉండాలి. పైకి లేచి దిగులుగా కనిపిస్తే నకిలీ. 'బేసిక్' గెయిన్స్‌బరో నీలి దుస్తుల అబ్బాయి, కాలిఫోర్నియాలోని హంటింగ్టన్‌లో ఉంది. నుదురు బాగా కనిపించాలి. నుదుటినిండా ఒత్తుగా ముంగురులు పడితే నకిలీ. 'రాక్‌హెడ్' మెక్సికోలోని ఓల్మెక్ రాతి తల, అది నవ్వదు. నవ్వితే నకిలీ.

'విస్ట్‌ఫుల్' వెర్మీర్ ముత్యపు లోలాకు అమ్మాయి. లోలాకు గుండ్రటి ముత్యం కాక నక్షత్రంలా ఉంటే నకిలీ. 'క్వెయింట్' ఆయనదే పాలు వంపే పనిమనిషి, రైక్స్‌మ్యూజియంలో ఉంది. ఇందులో ధార సన్నగా, కుండ మూతి నుంచి ఒక తాడులా దిగుతుంది. గదంతా నిశ్శబ్దంగా ఉన్నా కదులుతున్న ఒకే ఒక్క వస్తువు ఆ ధార. నకిలీలో పాలు ఒకేసారి బోర్లించినట్టు లావుగా పడతాయి. అసలు చిత్రాన్ని ఒక నిమిషం చూసినవాళ్లకు ఇది వెంటనే కళ్లలో గుచ్చుకుంటుంది.

'సాలెమ్' వెలాస్కెస్ 1656లో గీసిన లాస్ మెనీనాస్, మాడ్రిడ్‌లోని ప్రాదోలో ఉంది. ముందున్న చిన్న రాకుమారిని వదిలేసి వెనకనున్న వెలుతురు తలుపు చూడండి. మెట్ల మీద ఆగి వెనక్కి తిరిగి చూసే హొసే నియెతో ఉంటాడు. నకిలీలో ఆయన చెయ్యి పైకి బాగా లేచి ఉంటుంది. ఈ తలుపుపై జూమ్ చేయకుండా ఈ చిత్రం మీద తీర్పు చెప్పవద్దు. 'గ్రేస్‌ఫుల్' మొరోనోబు గీసిన, వెనక్కి తిరిగి చూసే అందగత్తె. అసలులో ఆమె చుట్టూ చాలా ఖాళీ ఉంటుంది. బొమ్మ పటాన్ని నింపేసేంత పెద్దగా ఉంటే నకిలీ.

ఇక 'వేలియంట్', లూవ్ర్ మెట్ల పైనున్న సమోత్రేస్ విజయదేవత. నకిలీలో ముందుకు వేసిన కాలు మారిపోతుంది. దీనికి మాట కంటే చిత్రం మేలు. లూవ్ర్ ఫొటోను పక్కన పెట్టి రెండింటినీ ఒకే వైపు నుంచి పోల్చండి. అద్దంలో తిప్పిన ఫొటోలు ఇంటర్నెట్‌లో తిరుగుతుంటాయి, కాబట్టి మ్యూజియం సైటునే వాడండి.

నకిలీ ఇంటికొచ్చేస్తే

బ్లేథర్స్ నకిలీ అని తేల్చి తిరిగి ఇచ్చేస్తాడు, ఏ నష్టమూ లేదు. దీవిలోని దుకాణం నూక్స్ క్రానీలో నకిలీలను కొనరు. అసలు అయితే 1,245 బెల్స్ ఇస్తారు. అదే తేల్చుకోవడానికి ఇంకో దారి. కానీ మీ గ్యాలరీలో లేనిది పొరపాటున అమ్మేయకండి, మళ్లీ దొరకడానికి నెలలు పట్టవచ్చు. వద్దనుకుంటే చెత్తబుట్ట వస్తువు పెట్టి అందులో పారేయొచ్చు.

అయితే తొందరపడి పారేయొద్దు. కొన్ని నకిలీలు వింతగా ప్రవర్తిస్తాయి. నకిలీ ముత్యపు లోలాకు అమ్మాయి చీకటి పడ్డాక కళ్లు మూసుకుంటుంది. నకిలీ దోగూ బొమ్మ కళ్లు వెలుగుతాయి, గాల్లోకి లేస్తుంది. దయ్యాల గది అలంకరించేవారు వీటి కోసం ప్రత్యేకంగా వెతుకుతారు.

త్వరగా నింపాలంటే

రోజుకు ఒక్కటే అన్న నియమం ఆటగాడికి వర్తిస్తుంది. ఒకే స్విచ్‌లో ఇంటిల్లిపాదీ ఆడుతుంటే, అదే దీవిలో ఇల్లున్న ప్రతి ఒక్కరూ తమ పేరుమీద ఒకటి కొనొచ్చు. పడవలో మూడు అసలువి ఉన్న రోజున ఇది చాలా విలువైనది. మర్నాడు ఎవరి మెయిల్‌బాక్స్‌కి వచ్చినది వాళ్లు బ్లేథర్స్‌కి ఇచ్చేస్తే సరిపోతుంది, మ్యూజియం అందరిదీ ఒకటే. స్నేహితుల దీవిలో పడవ వచ్చిందని తెలిస్తే అక్కడికి ఎగిరి వెళ్లి కొనొచ్చు. అయితే ఒకరు కొన్నది మరొకరికి ఉండదు, ముందే ఎవరికి ఏది కావాలో మాట్లాడుకోండి.

2021 నవంబరులో వచ్చిన 2.0 అప్‌డేట్‌తో ఇంకో దారి తెరుచుకుంది. విమానాశ్రయం నుంచి హార్వ్ దీవికి వెళ్లండి. అక్కడ రెడ్ దుకాణం కోసం డబ్బు పోగుచేసే లాయిడ్ అనే పాత్రకి మొత్తం 1,00,000 బెల్స్ చేర్చితే దుకాణం శాశ్వతంగా తెరుచుకుంటుంది. ఒకేసారి కట్టాల్సిన పని లేదు, కొంచెం కొంచెంగా ఇవ్వవచ్చు. ఇక్కడా నకిలీలుంటాయి, కాబట్టి పైన చెప్పిన జూమ్ నియమం ఇక్కడా అంతే.

గడియారం ముందుకు జరిపి రోజులు దాటించుకునేవారు చాలామంది ఉన్నారు. చేస్తే చేయండి, కానీ ఆదివారం కొన్న టర్నిప్‌లు దగ్గరుంటే జాగ్రత్త. తేదీ వెనక్కి తిప్పితే అవి కుళ్లిపోతాయి. అవి అమ్ముకున్నాకే తేదీ జోలికి వెళ్లండి.

రెడ్ అమ్మనివి మీరే గీయడం

43 దాటి కావాలంటే కస్టమ్ డిజైన్ ఉంది. 2020 ఏప్రిల్‌లోనే లాస్ ఏంజెలెస్‌లోని గెటీ మ్యూజియం తన చిత్రాలను గేమ్ డిజైన్‌గా మార్చే సాధనం పెట్టింది. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం (మెట్) కూడా స్వేచ్ఛగా వాడుకోవడానికి విడుదల చేసిన 4 లక్షలకు పైగా చిత్రాలకు అలాంటి సౌకర్యం ఇచ్చింది. చిత్రం ఎంచుకుంటే క్యూఆర్ కోడ్ వస్తుంది.

దాన్ని గేమ్‌లోకి తేవడం ఇలా: గేమ్ మొదటి తెరలో మైనస్ బటన్ నొక్కి టామ్ నూక్ అనే పాత్ర చూపే అమరికల్లో నూక్‌లింక్‌ని (గేమ్‌ను ఫోన్‌తో కలిపే సేవ) ఆన్ చేయండి. ఫోన్‌లో నింటెండో స్విచ్ యాప్ (ఇదివరకటి పేరు నింటెండో స్విచ్ ఆన్‌లైన్ యాప్) వేసుకుని, అందులో నూక్‌లింక్ తెరిచి, డిజైన్ల విభాగంలో కోడ్ స్కాన్ చేసి భద్రపరచండి. ఆపై గేమ్‌లో మీ పాత్ర దగ్గరుండే నూక్ ఫోన్‌లోని కస్టమ్ డిజైన్ యాప్‌లో ప్లస్ బటన్ నొక్కితే దిగుతుంది. నింటెండో స్విచ్ ఆన్‌లైన్ సభ్యత్వం ఉండాలి, అది లేక ఆగిపోయేవారే ఎక్కువ.

ఒక డిజైన్ 32 గళ్లు × 32 గళ్లు, 15 రంగులు, పారదర్శకం అదనం. గేమ్‌లోనే గీస్తే రంగులను సూక్ష్మంగా ఎంచుకోవచ్చు. కానీ క్యూఆర్ కోడ్ ఈ వరసలోని పాత గేమ్ 'న్యూ లీఫ్' నాటి పద్ధతి, అందులోని 159 రంగుల్లో దగ్గరున్నదానికే ప్రతి రంగూ మారిపోతుంది. చర్మపు ఛాయలూ, సంధ్యాకాశాలూ చెడిపోవడానికి కారణం ఇదే. మార్చే ముందు ఫొటోలో కాంట్రాస్ట్ పెంచి, మీరే 15 రంగులకు తగ్గించి పెట్టుకోండి.

అతి పెద్ద పొరపాటు మొత్తం చిత్రాన్ని 32 గళ్లలో ఇరికించడం. మనవైపు నుంచి మంచి ఉదాహరణ మెట్‌లోనే ఉంది: గోల్కొండ కాలపు కలంకారీ రుమాల్, 1640–50 ప్రాంతానిది. అందులో మనుషులూ, చెట్లూ, జంతువులూ ఒకదాన్నొకటి తోసుకుంటూ నిండి ఉంటారు. మొత్తం దింపితే ఎర్రటి మరకే మిగులుతుంది. దాని అంచు పువ్వుల వరస ఒక్కటి చతురస్రంగా కత్తిరించండి. రంగులు ఎక్కువ వద్దు: గోధుమ తెలుపు, లేత ఎరుపు, ముదురు ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నల్లటి గీత చాలు. ఎడమ అంచులోని గళ్లు కుడి అంచుతో, పైవి కిందివాటితో కలిసేలా దిద్దండి, లేకపోతే పక్కపక్కన పరిచినప్పుడు అతుకు కనపడుతుంది. 16×16 గళ్ల పువ్వును నాలుగుసార్లు పెడితే ఈ బాధే ఉండదు.

ఇంకొకటి, గేమ్ చూపేటప్పుడు గళ్ల అంచులను నునుపు చేస్తుంది. మెట్లలా దిగే గళ్లు వంపు గీతలవుతాయి, ఒంటరి గడి గుండ్రటి చుక్కవుతుంది. కలంకారీ లతలకు ఇది వరం, మొగ్గల వంపులు తమంతట తామే వస్తాయి. గీత బలంగా కనపడాలంటే రెండు గళ్ల మందం ఇవ్వండి.

మనిషి ముఖమే కావాలంటే నాలుగు డిజైన్లుగా చీల్చి 64×64 చేయండి. తొమ్మిదితో 96×96 వస్తుంది, కానీ డిజైన్ల స్థానాలు మొదట 50 మాత్రమే, కాబట్టి అంత ఖర్చు పెట్టే చిత్రమేదో ఆలోచించి ఎంచుకోండి. పూర్తయినదాన్ని ఇంట్లో గోడకు తగిలించవచ్చు, బయట నేల మీద పరవవచ్చు. పరిచిన చోట పూలు వ్యాపించవు, కలుపు మొలవదు. తీసేయాలంటే దానిపై నిలబడి వై బటన్ నొక్కితే చాలు.